ధర్మసందేహాలు: తర్పణంలో మనసు నిలవాలంటే

ప్రశ్న: ప్రతి అమావాస్యకూ నాన్నగారికి తర్పణాలు వదులుతున్నాను. పురోహితుడు చెప్పింది గబగబా అనేస్తున్నానే గాని, ఆయన నా ఎదుట ఉన్నట్టు ఒక్కసారీ అనిపించలేదు. లోపం ఎక్కడ?

జవాబు: లోపం భక్తిలో లేదండీ, తొందరలో ఉంది. తర్పణమంటే తృప్తి పరచడం. ఆ వాక్యంలో వరుస, గోత్రం, పేరు, రూపం నాలుగూ ఉన్నాయి: ‘అస్మత్ పితరం, ఫలానా గోత్రం, ఫలానా శర్మాణం, వసురూపం, స్వధా నమస్తర్పయామి’. తండ్రిది వసురూపం, తాతది రుద్రరూపం, ముత్తాతది ఆదిత్యరూపం. చాలామంది పేరు దగ్గరే మింగేస్తారు. పిలవాల్సిన మనిషినే పిలవకపోతే ఆయన తలపులోకి ఎలా వస్తారు?

ముందురోజే తండ్రి వైపు మూడు తరాలు, తల్లి వైపు మూడు తరాలు, ఆడవాళ్ల పేర్లతో సహా కాగితం మీద రాసుకోండి. తెలియనివి మేనత్తనో పెదనాన్ననో అడగండి. నా దృష్టిలో తర్పణం అక్కడే మొదలవుతుంది. అమ్మగారు ఉంటే ఆమె పేరు చెప్పకూడదు. గోత్రం తెలియనివారికి కాశ్యప గోత్రం చెబుతారు.

దక్షిణ ముఖంగా కూర్చుని, జంధ్యం కుడి భుజం మీదికి మార్చుకోండి. ఉంగరపు వేలికి మూడు దర్భల పవిత్రం. 50 గ్రాముల నల్ల నువ్వులు, ఒక చెంబు నీళ్లు చాలు. బొటనవేలు తడిపి నువ్వుల్లో అద్దుకోండి. గుప్పెట్లో పోసుకుంటే అరచేతికి అంటుకుని, ధ్యాసంతా దాన్ని దులపడం మీదే ఉంటుంది. ఎడమచేత్తో నీళ్లు పోస్తూ, కుడి అరచేతిని బొటనవేలి వైపు వంచండి. నీళ్లు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పళ్లెంలోని దర్భల మీద పడాలి, అదే పితృతీర్థం. చెయ్యి వంచకపోతే వేళ్ల కొసల నుంచి జారతాయి, అది దేవతలకు వదిలే తీరు. ఒక్కొక్కరికి మూడుసార్లు. పేరు పలికాక ఒక్క ఊపిరి ఆగి, ముఖం తలచుకుని అప్పుడు వదలండి. చూడని ముత్తాతకైతే ఆయన ఊరో పొలమో చాలు. చివరికి పళ్లెంలో నీళ్లు ఎవరూ తొక్కని చోట చెట్టు మొదట్లో పోయండి.

ప్రశ్న: మా ఇంట్లో జంధ్యం, మంత్రం ఆనవాయితీ లేదు. నేను ఆడపిల్లను. పెద్దలను ఎలా తలచుకోవాలి?

జవాబు: తెలంగాణలో పెత్రమాసకు, అంటే భాద్రపద అమావాస్యకు, పెద్దలకు బియ్యం ఇస్తారు. కోస్తాలో సంక్రాంతికి కొత్తబట్టలు పెడతారు. మీరూ నిశ్చింతగా చేయండి. కిలోన్నర బియ్యం, పావుకిలో కందిపప్పు, రెండు మూడు రకాల కూరగాయలు, చింతపండు, ఉప్పు, మిరపకాయలు, బెల్లం, నెయ్యి, దక్షిణ: ఒక కుటుంబం ఒక పూట వండుకుని తినేలా ఉండాలి. ఉప్పో పప్పో మరిచిపోతే తీసుకున్నవాళ్లు మళ్లీ కొట్టుకు పరుగెత్తాలి. ఇచ్చే ముందు పటం ఎదుట పెట్టి, ‘తాతయ్యా, ఇది నీ పేరున’ అని పైకి అనండి.

ప్రశ్న: అమెరికాలో ఉంటాం. ఇండియా క్యాలెండర్ తేదీకే చేయాలా?

జవాబు: కాదు. మీ ఊరి అపరాహ్ణంలో అమావాస్య ఉన్న రోజు చూసుకోండి. పగటిని ఐదు భాగాలు చేస్తే నాలుగోది అపరాహ్ణం. ఉదయం 7కు సూర్యోదయం, సాయంత్రం 7కు అస్తమయం అయితే అది 2:12 నుంచి 4:36 దాకా. మీ నగరానికి గణించిన పంచాంగం వాడండి, ఒక్కోసారి ఇండియా తేదీకి ఒకరోజు ముందే వస్తుంది.