ఎనిమిదేళ్ల పిల్లాడికి బీఎంఐ 19.8 వస్తే మామూలేనా?

కాదు, అప్పుడే ఎనిమిది నిండిన మగపిల్లాడికి బీఎంఐ (కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) 19.8 అంటే ఊబకాయమే. 25 దాటితేనే అధిక బరువు అన్నది పెద్దల లెక్క, పిల్లలకు పనికిరాదు. ఐదారేళ్లప్పుడు బీఎంఐ బాగా తగ్గి, ఆ తర్వాత మెల్లగా పెరుగుతుంది. అందుకే వయసును బట్టి, ఆడా మగా బట్టి హద్దు మారుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో ఎనిమిది నిండిన బాబుకు 17.4 దాటితే అధిక బరువు, 19.7 దాటితే ఊబకాయం, పాపకైతే 17.7, 20.6.

కడపలో మూడో తరగతి చదివే, అప్పుడే ఎనిమిది నిండిన బాబు ఎత్తు 125 సెంటీమీటర్లు, బరువు 31 కిలోలు అనుకుందాం. 31ని 1.25తో రెండుసార్లు భాగిస్తే 19.8. బూట్లు విప్పించి, మడమలు గోడకు ఆనించి కొలవండి. ఎత్తు 127 అని పొరబడితే 19.2 వచ్చి, ఊబకాయం కాస్తా కనబడకుండా పోతుంది.

బొద్దుగా ఉంటే బలమని, ఎదిగితే అదే కరుగుతుందని అనుకోవడం పొరపాటు. చాలామందిలో అది పెద్దయ్యాకా పోదు. అలాగని సంగటి ముద్ద మాన్పించి పస్తు పెట్టకండి. ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు ఎదిగే వయసు కాబట్టి, బరువు పెరగకుండా ఆపినా బీఎంఐ దిగుతుంది. ముందు మాన్పించాల్సినవి బడి వదిలాక తినే బజ్జీలు, బేకరీ పఫ్‌లు, కూల్‌డ్రింకులు.