ఐసు ప్రాజెక్టు చేస్తే ఏసీ మెకానిక్ అయిపోతుందా?

బరంపురం నుంచి ఒక తండ్రిగారు అడిగారు: "మా అమ్మాయి మెకానికల్ బీటెక్ ఫైనలియర్. పెద్ద భవనాలకు చల్లదనం నిల్వచేసే ట్యాంకు మీద కంప్యూటర్ మోడల్ ప్రాజెక్టు చేస్తానంటోంది. ఏసీ పనికి ఇంత చదువెందుకని చుట్టాలు అంటున్నారు. మాన్పించి సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్చమంటారా?"

మాన్పించకండి సార్. గోపాల్‌పూర్‌లో చేపల పెట్టెల్లో ఐసు వేయడం మీరు చూసే ఉంటారు. ఒకచోట చేసిన చల్లదనాన్ని ఇంకోచోటికి మోసుకెళ్తారు. మీ అమ్మాయి ఒక గంటలో చేసినదాన్ని ఇంకో గంటకు మోయాలి. ఏసీ షాపులో మనం అడిగే 'టన్ను' కూడా ఐసు లెక్కే. 907 కిలోల ఐసు 24 గంటల్లో కరిగితే వచ్చే చల్లదనం అది, సుమారు 3.5 కిలోవాట్లు.

వెయ్యి కిలోల ఐసు కరిగేటప్పుడు దాదాపు 93 యూనిట్ల (కిలోవాట్-గంటల) వేడిని పీల్చుకుంటుంది. అంతే బరువు చల్లని నీళ్లు 6 డిగ్రీలు వేడెక్కితే పీల్చేది 7 యూనిట్లే. అలాగని ఐసే మేలనుకోకూడదు. సున్నా కంటే కిందికి దించాలంటే చిల్లర్ (పెద్ద భవనాల ఏసీకి నీళ్లు చల్లబరిచే యంత్రం) ఎక్కువ కరెంటు తాగుతుంది. పైగా 'రాత్రి ఐసు చేసి పగలు వాడు' అన్న పాత సూత్రం ఒక్కటే ఇప్పుడు చాలదు. 10 కిలోవాట్లు దాటిన వాణిజ్య కనెక్షన్లకు సోలార్ గంటల్లో, అంటే ఎండ ఉండే పగటివేళ, కరెంటు రేటు మామూలు రేటు కంటే కనీసం 20 శాతం తక్కువ ఉండాలని 2023లో కేంద్రం నిబంధనలు మార్చింది. మరి ట్యాంకు ఎంత పెద్దది కట్టాలి, ఏ గంటకు నింపాలి? మోడల్ తేల్చాల్సింది అదే.

సాఫ్ట్‌వేర్ కోర్సుకు డబ్బు కట్టి నేర్పించే పైథాన్ ప్రోగ్రామింగ్ ఇందులో ఎలాగూ వస్తుంది. భవనానికి ఎంత చల్లదనం, కరెంటు కావాలో లెక్కగట్టే ఎనర్జీప్లస్ సాఫ్ట్‌వేర్ ఉచితం.

ఒకటి మాత్రం దాచను. బరంపురంలో ఈ ఉద్యోగాలు దొరకడం కష్టం, హైదరాబాదో బెంగళూరో వెళ్లాలి. అక్కడ కూడా మొదట్లో డ్రాయింగులు, సర్టిఫికెట్ల కాగితాలతోనే సరిపోతుంది. కొంత అనుభవం వచ్చాక బీఈఈ (కరెంటు, ఇంధన పొదుపు చూసే కేంద్ర సంస్థ) ఎనర్జీ ఆడిటర్ పరీక్ష రాస్తే మాటకు విలువ పెరుగుతుంది.

ప్రాజెక్టులో ఊహించిన అంకెలు వేసి సరిపెట్టొద్దని అమ్మాయికి చెప్పండి. గైడ్ దగ్గర ఉత్తరం తీసుకుని ఏదైనా ఆసుపత్రి చిల్లర్ రూముకు వెళ్లి, వారం రోజుల లాగ్‌బుక్ చూడమనండి. ఆపరేటర్లతో ఒడియాలోనూ తెలుగులోనూ మాట్లాడగలదు కదా, బుక్కులో రాయనివి కూడా చెబుతారు.