కేజీఎఫ్ సైనైడ్ గుట్టల మీద పనికి పోతున్న కార్తీక్‌కి

ఒరేయ్ కార్తీక్,

డంపుల శాంప్లింగ్ టీమ్‌లో చేరావని మీ నాన్న చెప్పాడు, సంతోషం రా. 2001లో కోలార్ బంగారు గనులు (కేజీఎఫ్) మూసేశాక, సైనైడ్‌తో బంగారం తీయగా మిగిలిన మట్టి పోసిన ఆ 13 గుట్టలు అట్లానే పడున్నాయి, 3.3 కోట్ల టన్నుల మట్టి అంటారు, వాటిలోంచి మళ్లీ బంగారం తీసే పనికి 2024లో కర్ణాటక క్యాబినెట్ సరే అన్నప్పటి నుంచి అందరికీ అవి బంగారు కొండలైపోయాయి. నువ్వు ఆ మాటలు నమ్మొద్దు, టన్ను మట్టికి బంగారం గ్రాము లోపే.

మరెందుకు తవ్వడం అంటావా, 3 కిలోమీటర్ల లోతు నుంచి రాయి పైకి తెచ్చి పొడికొట్టే ఖర్చు ఎప్పుడో మన పాతోళ్లే పెట్టేశారు కదా, అదీ లాభం. కాబట్టి శాంపిల్ దగ్గరే జాగ్రత్త. పైపైన పారతో గీకి సంచి నింపొద్దు, ఎండా వానా తిన్న పై పొరని చూసి లోపల ఏముందో చెప్పలేం, ఆగర్‌ని (మట్టిలోకి తిప్పుతూ దించే డ్రిల్లు) కింద అసలు నేల తగిలేదాకా దించు, మీటరుకో సంచి. అడుగున పడింది పాత మిల్లుల మట్టి, అప్పటి రికవరీ, అంటే మట్టిలోంచి బంగారం రాబట్టిన పాళ్లు, వేరు. ముందే ఒకసారి సైనైడ్‌తో మళ్లీ కడిగి బంగారం తీసిన డంపేమో రికార్డులు కూడా తిరగెయ్యి, ఈ పని ఎవరూ చెయ్యరు.

ల్యాబ్ వాళ్లు గ్రేడ్ (టన్నుకి బంగారం ఎంతో) చెప్పగానే ఎగరొద్దు. సల్ఫైడ్ (గంధకం కలిసిన ఖనిజం) గింజలో ఇరుక్కున్న బంగారానికి సైనైడ్ అందదు, మళ్లీ మెత్తగా నూరాలి, నూరితే కరెంటు బిల్లు. శాంపిల్‌ని సైనైడ్ ద్రావణంతో సీసాలో దొర్లించే బాటిల్ రోల్ టెస్ట్‌లో ఎంత బంగారం కరిగిందో అదే నువ్వు నమ్మాల్సిన నంబరు.

ఇంకోటి, షార్ట్‌వేవ్ యూవీ లైటు ఒకటి కొనుక్కో. చీకట్లో శాంపిల్ మీద వేస్తే షీలైట్ గింజలు నీలం తెలుపుగా మెరుస్తాయి, అది టంగ్‌స్టన్ ఖనిజం, కోలార్‌లో ఉందని పాతోళ్లకి తెలుసు, 2023లో సెంటర్ ఇచ్చిన 30 క్రిటికల్ మినరల్స్ లిస్టులో టంగ్‌స్టన్ కూడా ఉంది. బరువైన గింజ కాబట్టి షేకింగ్ టేబుల్ (నీళ్లు పారుతుంటే ఊగే బల్ల) మీద విడిపోతుంది, మీ వాళ్లు బంగారం ఒక్కదానికే టెస్టు రాస్తే నువ్వు అడిగి మరీ ఇది కూడా రాయించు.

మాస్కు తియ్యొద్దు, ఆ దుమ్ములో ఆర్సెనిక్ ఉంటుంది. సైనైడ్ ద్రావణం పీహెచ్ 10.5 కిందికి దిగితే విషపు గ్యాస్ లేస్తుంది, పీహెచ్‌ని పైన నిలిపే సున్నం తగ్గకుండా చూస్కో, వాసన వస్తే తెలుస్తుందిలే అనుకోవద్దు, కొందరి ముక్కుకి అది అసలు అందదు. గాలిరోజు డ్రిల్లింగ్ పెడితే నీళ్లు చల్లించు, దుమ్మంతా పేటల్లో ఇళ్లలోకే పోతుంది. కడిగేశాక మిగిలే మట్టి ఎక్కడ పోస్తారో కూడా ముందే అడుగు, జవాబు రాకపోతే మళ్లీ అడుగు.

మొదటి బోరు లాగ్ (ఏ లోతులో ఏం వచ్చిందో రాసిన కాగితం) ఫోటో వాట్సాప్‌లో పెట్టు, చూస్తా.

మీ పెదనాన్న