తాతయ్య బండి మీద గ్రైండర్ పెట్టకముందు

జయపురం, కొరాపుట్ జిల్లా
ఆదివారం రాత్రి

ఒరే చిన్నా,

మధ్యాహ్నం మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే ఏడుపు. "అన్నయ్యా, వీడు ఉద్యోగం మానేసి హెలికాప్టర్ తయారుచేస్తాడట" అంది. టీవీ వార్తల్లో చాపర్ అంటే హెలికాప్టరే కదా, పాపం దానికేం తెలుసు. చాపర్ అంటే కోసి, మార్చి కట్టుకునే మోటార్ సైకిలేనమ్మా అని చెబితే కాస్త నెమ్మదించింది. నేనూ నవ్వుకున్నాను. రాయగడలో ముగ్గురు కుర్రాళ్లు షెడ్డు అద్దెకు తీసుకుని సొంత చేతుల్తో బండి కడతారంటే నాకు గర్వంగానే ఉంది, ఈ మాట మీ అమ్మతో అనకు. చివర్లో మెల్లిగా చెప్పింది: "నాన్నగారి బుల్లెట్టే కోస్తారట." నా నవ్వు అక్కడితో ఆగిపోయింది. ఫోన్లో తిడితే నువ్వు పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

చాపర్ పుట్టుక గురించి నీకు నాకంటే ఎక్కువే తెలుసు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన అమెరికా కుర్రాళ్లు హార్లీ, ఇండియన్ అనే కంపెనీల బండ్లు కొనుక్కుని, బరువు తగ్గాలని మడ్‌గార్డులు కోసి పారేశారు. ఆ తర్వాతి వాళ్లు ముందు చక్రాన్ని పట్టుకునే జంట పైపుల్ని, అదే ఫోర్కుల్ని, సాగదీసి, అవి ఫ్రేముకి కలిసే మెడని వంచారు. 1969లో వచ్చిన ఒక సినిమాతో ఆ రూపం ప్రపంచమంతా పాకింది. ఆ సినిమా బండ్లు కట్టినవాళ్లలో లాస్ ఏంజెలిస్‌కి చెందిన బెన్ హార్డీ అనే నల్లజాతి మెకానిక్ ఉన్నాడు. తెర మీద ఆయన పేరే వేయలేదు. మన షెడ్లలో పంక్చర్లు వేసే కుర్రాడి పేరు బోర్డు మీద ఉంటుందా? ఎక్కడైనా అంతే.

ఒకటి గమనించు. వాళ్లు కోసినవి ఆ రోజుల్లో చవగ్గా దొరికిన బండ్లు. తాతయ్య బుల్లెట్ అలాంటిది కాదు. అది 1971 బండి. ఇంగ్లండ్‌లోని రెడ్డిచ్ ఊరి రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ వాళ్లు 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టాక మద్రాసులో తయారైన రకం. కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు. ఫస్ట్ పైకి, మిగతావి కిందికి. 346 సీసీ, పిస్టన్ వెడల్పు 70 మిల్లీమీటర్లయితే అది పైకీ కిందికీ తిరిగే దూరం 90. ఆ దుక్ దుక్ శబ్దంలో సగం అక్కడిదే. నాన్న బండి స్టార్ట్ చేస్తుంటే పూజ చేస్తున్నట్టుండేది. ఇంజన్‌లో ఒత్తిడి వదిలే డీకంప్రెసర్ మీట పట్టుకుని, కరెంటు చూపే అమ్మీటర్ ముల్లు మధ్యకి వచ్చేదాకా కిక్ మెల్లిగా నొక్కి, అప్పుడొక్క తోపు. ఉమర్‌కోట్ అడవుల్లో బీడీ ఆకు లెక్కలు చూసి వచ్చాక కూడా ముందు ఆ అమ్మీటర్ అద్దం తుడిచి, తర్వాతే కాళ్లు కడుక్కునేవాడు. నన్ను దాన్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు. నువ్వేమో గ్రైండర్ పెడతానంటున్నావు!

సెంటిమెంట్ వదిలెయ్. లెక్క కూడా చెబుతాను. 2021లో కేంద్రం వింటేజ్ బండ్లకు వేరే రూల్స్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి యాభై ఏళ్లు దాటాలి, చాసిస్, ఇంజన్ మార్చకుండా ఉండాలి. 20,000 రూపాయలు కడితే నంబరులో 'వీఏ' అక్షరాలు వచ్చి పదేళ్లు చెల్లుతుంది. రోజూ తిరగడానికి కాదులే, ప్రదర్శనలకీ ర్యాలీలకీ. తాతయ్య బండికి ఆ అర్హత ఉంది. మెడ కోసిన క్షణం పోతుంది. అన్నట్టు చాలా బండ్లకి చాసిస్ నంబరు కొట్టేది ఆ మెడ దగ్గరే.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చదివావా? ఆర్‌సీలో కంపెనీ చెప్పినట్టుగా ఉన్న వివరాలు మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. అదే ఏడాది సవరణలో ఒక్కో మార్పుకీ 5,000 జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదంటే రెండూ పెట్టారు. కాబట్టి తుక్కులో పోయే చాసిస్ ఒకటి కొని, దాని మీద మీ చేతులు తిప్పుకోండి. ఆవరణలో నడపండి, ప్రదర్శనకి వ్యాన్‌లో తీసుకెళ్లండి. రోడ్డెక్కించే బండికి మాత్రం సీటు, రంగు లాంటి పైపని చాలు, అదీ ఆర్‌టీవోలో అడిగాకే. నా మాట విని రోడ్డెక్కకుండా ఉంటావని నాకేం నమ్మకం లేదు. అందుకే ఈ కింద రాసేది చదువు.

1987. నాకు ఇరవై నాలుగేళ్లు. నా దగ్గర యెజ్డీ ఉండేది. ఒక సిలిండరుకి రెండు సైలెన్సర్లు, కిక్కూ గేరూ ఒకటే రాడ్డు. ఏదో ఇంగ్లిష్ పత్రికలో పొడుగు ఫోర్కుల బండి బొమ్మ చూసి నాకూ మీ సాలూరు మావకీ పిచ్చెక్కింది. ఫోర్కు పైపులకి పైన ఎనిమిదేసి అంగుళాలు అతికిద్దామనుకున్నాం. బోరింగు పంపు వేయగా మిగిలిన జీఐ పైపు ఉంది. సునాబెడ విమాన ఇంజన్ల ఫ్యాక్టరీలో చేసే వెల్డర్ ఒకాయన మా వీధిలోనే ఉండేవాడు. పైపు గోటితో గీరి, "ఇది నీళ్లు మోసే పైపు. మనుషుల్ని మోయదు. నేను చెయ్యను" అని తలుపేసుకున్నాడు. పొగరనుకున్నాం. గేట్లూ గ్రిల్లులూ చేసే అతని దగ్గరికెళితే అరగంటలో అతికించి ఇచ్చాడు. పైపు మీది జింక్ కాలిన పొగకి పాపం ఆ రాత్రి అతనికి చలిజ్వరం. మేం అతుకు నున్నగా అరగదీసి, పుట్టీ పెట్టి, నల్లరంగు కొట్టాం. అద్దంలా ఉంది.

ఫోర్కు పైపుల్ని మెడకి పట్టి ఉంచే బిగింపులు పైనొకటి, కిందొకటి ఉంటాయి, వాటినే టీలంటాం. ఆ రెండు టీల మధ్య ఉండాల్సిన అతుకు, మా లెక్క తప్పి, సరిగ్గా కింది టీ కిందకి వచ్చింది. బ్రేకు పడితే ఫోర్కు ఎక్కువగా వంగేది అక్కడే. అప్పుడు ఆ సంగతి తెలీదు.

విజయనగరం సిరిమానుకని బయల్దేరాం. కొరాపుట్, సెమిలిగుడ దాటాం. పొట్టంగిలో టీకి ఆగాం. నేను నేల మీద కూర్చుని బండినే చూసుకుంటున్నాను, కొత్త పెళ్లికొడుకులా. కింది టీ కింద నల్లరంగులో వెంట్రుకంత ఎర్రగీత కనిపించింది. బొటనవేలితో తుడిచాను. వేలికి తుప్పు అంటింది. "ఏంట్రా చూస్తున్నావ్" అన్నాడు. "ఏం లేదు" అన్నాను.

ఏం లేదు అన్నాను, చిన్నా. రంగు పగిలిందిలే అని సర్దిచెప్పుకున్నాను. అందరూ మా బండినే చూస్తున్నారు మరి. అక్కడి నుంచి నడిపే వంతు వాడిది.

సుంకి ఘాటీ దిగుతున్నాం. టూ స్ట్రోక్ బండి, ఆయిల్ పెట్రోల్లోనే కలిసి ఉంటుంది. దిగుడులో యాక్సిలరేటర్ మూసి గేరు మీదే వదిలితే ఇంజన్‌కి ఆయిల్ అందదు, పట్టేస్తుంది. కాబట్టి భారమంతా బ్రేకుల మీదే. ఒక మలుపులో వాడు గట్టిగా పట్టాడు. పెద్ద చప్పుడేం రాలేదు, చెరకుగడ విరిచినట్టు చిన్నగా టప్‌మంది. చక్రం అడ్డం తిరిగింది. నేను కొండవైపు కాలవలో పడ్డాను. వాడు బండి కింద. ఒక లారీ మమ్మల్ని సాలూరు చేర్చింది. వాడి ఎడమకాలు ఇప్పటికీ అంగుళం పొట్టి. ఆ కాలు కుదురుకునేలోగా అక్కడే సంబంధం కుదిరి సాలూరు మావ అయ్యాడు.

ఎర్రగీత సంగతి పదకొండేళ్ల తర్వాత చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆరోజు టీ డబ్బులు కూడా నేనే ఇచ్చాను కదరా" అన్నాడు.

అతుకు మీద పుట్టీ పెట్టావంటే నీ చెయ్యి విరగ్గొడతాను. రంగు వేసేముందు కిరసనాయిలు రాసి కాసేపు ఉంచి, పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లు. పగులుంటే అందులో దాక్కున్న తడి గీతలా తేలుతుంది. పైపు జాయింటు లోపల బిగుతుగా పట్టే ఉక్కు కడ్డీ ఉండాలి. ఫోర్కులు మాత్రం అతికించొద్దు, పొడుగు కావాలంటే ఒకే పైపుతో చేసినవే. మెడ వంచితే దారం పరీక్ష చెయ్యి: మెడ బోల్టు దారినే నేలదాకా ఒక దారం చాచు, ముందు ఇరుసు నుంచి తాపీమేస్త్రి గుండు వేలాడదియ్యి. దారం తాకే చోటు గుండు కంటే నాలుగంగుళాలు అటూఇటుగా ముందుండాలి. మరీ ఎక్కువైతే మెల్లిగా పోయేటప్పుడు హ్యాండిల్ పక్కకి వాలిపోతుంది. తక్కువైతే వేగంలో వణుకుతుంది, ఆ వణుకు ఇంక ఆగదు. మెడ అలాగే ఉంచి టీలు మాత్రం వంపువి వేస్తే తగ్గేది ఈ దూరమే.

హ్యాండిల్ ఎత్తు పెంచితే కేబుళ్లూ పొడుగువి వెయ్యాలి. ఇంజన్ ఆన్‌లో పెట్టి హ్యాండిల్ రెండువైపులా పూర్తిగా తిప్పు, రేస్ పెరగకూడదు. ఖాళీ ట్యాంకు అనుకుని వెల్డింగ్ పెట్టకు, ఆవిరే పేలుతుంది. హెల్మెట్ సంగతి మళ్లీ చెప్పించుకోకు. ఖర్చు ముగ్గురూ ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. స్నేహాలు చెడేది ఫోర్కుల దగ్గర కాదు, ఆర్‌సీ ఎవడి పేరున అన్న దగ్గర.

వచ్చే ఆదివారం రా, నీ జట్టునీ తీసుకురా. అత్తయ్య నాటుకోడి వండుతానంది. ఆ అమ్మీటర్ అద్దం నువ్వే తుడుద్దువుగాని.

సాలూరు మావకి ఫోన్ చేసి నీ సంగతి చెప్పాను. మొదట అడిగింది, "ఫోర్కులెంత పొడుగట?" ఇంకా కొలవలేదట అన్నాను. బండి అయ్యాక షెడ్డు చుట్టూ ఒక్క రౌండ్ వెనక కూర్చుంటాడట. చాపర్‌కి వెనక సీటు ఉండదని నాకు చెప్పకు. పెట్టు. ఎడమవైపు ఫుట్‌రెస్టు మాత్రం అంగుళం పైకి బిగించు.

నీ మావయ్య