గో-కార్ట్‌కు సీటు బిగించాలంటే ముందు అందులో ఒక పూట కూర్చుని చూడాలి

తమ్మీ, నీ ప్రశ్న చదివాను. దేవరకొండలో ఉంటావు, సెకండ్ హ్యాండ్‌లో గో-కార్ట్, అంటే నేలకు ఆనుకున్నట్టుండే చిన్న రేసు బండి, కొన్నావు, దానికి సీటు లేకపోతే ఫైబర్ సీటు విడిగా తెప్పించుకున్నావు. ఇప్పుడు రంధ్రాలు ఎక్కడ వెయ్యాలి, ఎంత వెనక్కి పెట్టాలి, బెల్టు కూడా కావాలా అని అడిగావు. ఇదే పని రెండేళ్ల కింద మిర్యాలగూడలో మా మేనల్లుడి కోసం నేను చేశాను. మొదటిసారి తప్పుగా చేసి సీటు పాడుచేసుకున్నా, రెండోసారి సరిగ్గా కుదిరింది. ముందే ఒక మాట చెప్తా, ఇవాళే డ్రిల్లు పట్టుకోకు. ఫైబర్‌లో ఒకసారి పడ్డ రంధ్రం మళ్లీ పూడదు, పక్కనే ఇంకోటి వేస్తే ఆ రెండింటి మధ్య ముక్క ఊడిపోతుంది.

కారు సీటుతో దీన్ని పోల్చొద్దు. గో-కార్ట్‌కు స్ప్రింగులు, షాకబ్జర్లు ఉండవు. వెనక యాక్సిల్ ఒకటే రాడ్డు, రెండు చక్రాలూ దాంతోపాటే తిరుగుతాయి, మలుపులో రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ లేదు. అందుకని మలుపులో లోపలివైపు వెనక చక్రం కాస్త తేలిక పడితేనే బండి తిరుగుతుంది. అది తేలిక పడాలంటే ఫ్రేము పైపులు కొంచెం మెలి తిరగాలి. సీటును ఆ ఫ్రేముకే నాలుగు చోట్ల బిగిస్తాం కదా, ఆ మెలికలో దానికీ భాగం ఉంటుంది. పైగా ఈ చిన్న బండిలో అన్నిటికంటే బరువు మనిషిదే. ఆ మనిషిని రెండంగుళాలు జరిపితే బండి నడకే వేరు.

ముందు సైజు సంగతి. హాయిగా ఉంటుందని నేను పెద్ద సీటు తెచ్చాను. పిల్లవాడు పెరుగుతాడు, పనికొస్తుందని కూడా అనుకున్నా. మొదటి ఆదివారం పది రౌండ్లు కొట్టి దిగాడో లేదో ఎడమవైపు పక్కటెముకలు పట్టుకుని కూర్చున్నాడు. సీటు వదులుగా ఉంటే ప్రతి మలుపులో ఒళ్లు పక్కకు జారి సీటు అంచుకు తగులుతుంది, వాడికి తగిలింది అక్కడే. బండి నడిపే బట్టలతోనే సీటులో కూర్చో. నడుముకు, తుంటికి రెండు వైపులా సీటు ఆనాలి కానీ ఊపిరి పీల్చేటప్పుడు పక్కటెముకలను నొక్కకూడదు. ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీ లార్జ్ అంత ఉంటుంది కాబట్టి దాని మీది అక్షరం నమ్మకు, కూర్చునే తేల్చుకో. కాస్త వదులైతే లోపల ఫోమ్ షీటు అంటించొచ్చు. బాగా పెద్దదైతే మాత్రం ఫోమ్‌తో సర్దకు, సీటే మార్చుకో.

ఇక ఎక్కడ పెట్టాలన్నది. బండిని చదునైన నేల మీద పెట్టి, సీటు కింద చెక్క ముక్కలు పేర్చి, రంధ్రాలేవీ వెయ్యకుండా తాడుతోనో టేపుతోనో తాత్కాలికంగా నిలబెట్టు. అందులో కూర్చుని వీపు పూర్తిగా ఆనించు. బ్రేకు చివరిదాకా తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి, కాలు బిగుసుకుపోయేంత దూరం ఉండకూడదు. స్టీరింగ్‌ను రెండు పక్కలా పట్టుకుంటే మోచేతులు వంగి ఉండాలి. వీపు లేవకుండా చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడాలి. రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడు, చేతులు తొడలకు తగలకూడదు. పెడళ్లు ముందుకూ వెనక్కూ జరిగేవైతే కాళ్ల దూరం వాటితో సరిచేసుకో. సీటును మాత్రం బరువును చూసి పెట్టుకో.

బరువు ఎలా చూడాలని అడుగుతావేమో. మా మిర్యాలగూడలో రైసు మిల్లులకు కొదవ లేదు. తెలిసినవాళ్ల మిల్లులో వడ్లు ఆరబోసే సిమెంటు కల్లం ఖాళీగా ఉంటే మా వాడు బండి తిప్పేది అక్కడే. బస్తాలు తూచే కాంటా కూడా అక్కడే ఉంది. దాని మీద ఒక పొడుగు చెక్క అడ్డంగా వేసి, ఆ చెక్క బరువును సున్నా చేసి, ముందు చక్రాలు రెండూ దాని మీదికి ఎక్కించాం. వెనక చక్రాల కింద కూడా సరిగ్గా అంతే ఎత్తుకు చెక్కలు వేశాం, లేకపోతే లెక్క తప్పు వస్తుంది. పిల్లవాణ్ని హెల్మెట్‌తో సహా కూర్చోబెట్టి తూచితే ముందు 66 కిలోలు వచ్చింది. తర్వాత అలాగే వెనక చక్రాలు తూచితే 104. మొత్తం 170లో ముందు భాగం 39 శాతం కూడా లేదు. స్టీరింగ్ తిప్పినా బండి తిన్నగానే పోతోందని వాడు మొత్తుకుంటున్నది ఇందుకేనని అప్పుడు అర్థమైంది. సీటును రెండున్నర అంగుళాలు ముందుకు జరిపితే ముందు 70 అయింది, అంటే 41 శాతం. రేసు కార్టుల్లో మామూలుగా ముందు 40 నుంచి 45 శాతం, మిగతాది వెనక ఉండేలా చూస్తారు. సరదాగా నడిపే మనకు ఆ దరిదాపుల్లో ఉంటే చాలు. అలాగని మరీ ముందుకు జరిపితే వెనక చక్రాలు జారి బండి గిర్రున తిరుగుతుంది. కాంటా దొరక్కపోతే పాత బండి కాబట్టి పాత సీటును పట్టి ఉంచిన ఇనుప పట్టీల గుర్తులు ఫ్రేము మీద ఉంటాయి, అక్కణ్నుంచే మొదలుపెట్టు.

ఇంజిన్ కుడి పక్కన ఉంటే సీటు కొంచెం ఎడమకు ఉంటుంది, అది తప్పు కాదు, బరువు సరితూగడానికే. యాక్సిల్‌కు, చెయిన్‌కు, సైలెన్సర్‌కు సీటు ఎక్కడా తగలొద్దు. నడిచేటప్పుడు ఫ్రేము ఊగుతుంది కాబట్టి నేనైతే కనీసం రెండు సెంటీమీటర్ల సందు వదులుతా. రేసుల్లో సీటు అడుగు ఫ్రేము పైపులతో సమానంగా దించుతారు. మన నేలలు అంత నున్నగా ఉండవు, ఒక అంగుళం పైకే ఉంచు.

అన్నీ కుదిరాక మార్కర్‌తో గుర్తులు పెట్టుకుని అప్పుడు డ్రిల్లు తీసుకో. ముందు రెండు బోల్టులు తొడల కింద ఫ్రేము పట్టీలకు, వెనక రెండు యాక్సిల్ బేరింగుల దగ్గర నుంచి పైకి లేచే పట్టీలకు వస్తాయి. గుర్తు మీద టేపు అంటించి ముందు సన్న బిట్టుతో, తర్వాత 8 ఎం.ఎం. బిట్టుతో వెయ్యి, పైపూత పెచ్చులూడదు. మూతికి మాస్కు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. ఆ ఫైబర్ పొడి చేతులకు అంటితే రోజంతా దురదే, ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా చెడ్డది.

నేను సీటు పాడుచేసుకున్నది ఈ బిగింపు దగ్గరే. వెనక కుడి పట్టీకీ సీటుకూ మధ్య వేలు పట్టేంత సందు ఉంది. 13 నంబరు పాన వేసి నట్టు తిప్పుతూ పోతే సందు మూసుకుంది, గట్టిగా కూర్చుందని సంతోషపడ్డా. పట్టీ ఇనుము, అది వంగలేదు, సీటే దాని వైపుకు సాగింది. మూడో ఆదివారం కల్లం మీద తుడుస్తూ చూస్తే ఆ రంధ్రం నుంచి పైకి వెంట్రుకంత సన్నటి గీత. వేలితో నొక్కితే తెరుచుకుంటోంది. చిన్న వాషర్ వెయ్యడం ఇంకో తప్పు, బలమంతా రూపాయి బిళ్లంత చోటు మీదే పడింది. రెండోసారి కొత్త సీటు తెచ్చి, లారీ బాడీలు కట్టే షెడ్డుకు ఫ్రేము తీసుకుపోయి ఆ పట్టీనే సీటు వైపుకు వంచించా. మిగిలిన కొద్దిపాటి సందులో వాషర్లు పేర్చా. నువ్వు ఇలా పరీక్ష చేసుకో: మూడు బోల్టులు పెట్టాక నాలుగోది చేత్తో నెట్టకుండా, లాగకుండా దానంతట అది రంధ్రంలోకి దూరాలి. దూరకపోతే పట్టీని సరిచెయ్యాలి కానీ సీటును లాగొద్దు. లోపలివైపు వీపుకు గుచ్చుకోని చదును తల బోల్టు, రెండు వైపులా వెడల్పు వాషర్లు, ఫైబర్‌కు ఆనే చోట రబ్బరు వాషర్, బయట నైలాక్ నట్టు, అంటే ఊపుకు వదులవకుండా లోపల నైలాన్ రింగు ఉండేది. ఫైబర్ నలిగేదాకా బిగించకు. మొదటి పావుగంట నడిపాక ఆపి నాలుగూ మళ్లీ చూడు, కొంచెం వదులవుతాయి.

పట్టీకి వెల్డింగ్ చేయించాల్సి వస్తే సీటు, పెట్రోల్ ట్యాంకు రెండూ తీసేసి చేయించు. పక్కన తడిబట్ట కప్పితే చాలని షెడ్డులో అంటారు, ఒప్పుకోకు.

బెల్టు గురించి మా అక్క కూడా ఇదే అడిగింది. నీ బండికి తల మీదుగా పైపుల పంజరం లేకపోతే బెల్టు పెట్టకు. బోల్తా పడితే మనిషి బండికి కట్టేసి ఉండటం కంటే విడిగా పడటం మేలని రేసు కార్టులకు కూడా బెల్టు ఉండదు. పంజరం ఉన్న బండి అయితే బెల్టు ఉండి తీరాలి, దాన్ని సీటుకు కాకుండా ఫ్రేముకు బిగించాలి. ఇంకోటి, సీటు వెనకే యాక్సిల్, చెయిన్ తిరుగుతుంటాయి. చెల్లెళ్లో వదినలో ఒక రౌండు వేస్తామంటారు, చున్నీతో గానీ వదిలేసిన జుట్టుతో గానీ ఎవరినీ కూర్చోనివ్వకు. అందులో చుట్టుకుంటే ఇంజిన్ ఆపేంత టైం కూడా ఉండదు, మన దేశంలో ఇలా ప్రాణాలు పోయాయి. చెయిన్‌కు, యాక్సిల్‌కు రేకు కవరు చేయించాకే ఎవరికైనా ఇవ్వు. మా బండికి సీటు కన్నా ముందు చేయించాల్సింది అదేనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

నీ ఇంజిన్ ఏ పక్కన ఉంది, నీ బరువు ఎంత, పాత పట్టీల గుర్తులు యాక్సిల్ నుంచి ఎన్ని అంగుళాల దూరంలో ఉన్నాయి, ఈ మూడూ కొలిచి రాయి. ఫొటో ఉంటే పక్కనుంచి తీసింది పెట్టు, పట్టీలు ఎక్కడ వంచాలో చూసి చెప్తా.