పాఠకుల ప్రశ్నలు: మహమ్మారి వస్తే బడులు మూయాలా?

అంటువ్యాధి ప్రబలినప్పుడు పాఠశాలలు మూయాలా వద్దా అన్న విషయంపై గత సంచికలో పాఠకుల అభిప్రాయాలు కోరాం. హైదరాబాద్ నుంచి వచ్చిన ఉత్తరాలలో కొన్నింటికి ఈసారి జవాబులు రాస్తున్నాను. నేను పిల్లల వైద్యుడిని. బడుల నిర్వహణ నా వృత్తి కాకపోయినా, బడి మూతపడితే దాని పర్యవసానం నేను రోజూ చూసే పిల్లల్లోనే కనిపిస్తుంది.

ప్రశ్న: 2020 మార్చిలో బడులు మూసినప్పుడు మా బాబు ఒకటో తరగతి. రెండో తరగతి అంతా ఇంట్లోనే గడిచిపోయింది. మా ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను, అది మా ఆయనతో డెలివరీ పనికి వెళ్లేది. రాత్రి ఆయన వచ్చాక అక్కా తమ్ముడూ దానికోసం కొట్లాడుకునేవారు. ఇప్పుడు హైస్కూలుకు వచ్చినా తెలుగు వాచకం గట్టిగా చదవమంటే బాబు తడబడతాడు. మళ్లీ అలాంటి జబ్బు వస్తే బడులు మూయడం సరైనదేనా, డాక్టర్ గారూ?
— ఒక తల్లి, బోరబండ

జవాబు: అమ్మా, స్వభావం ఇంకా తెలియని కొత్త జబ్బు వచ్చినప్పుడు మొదటి కొన్ని వారాలు బడులు మూయడం సబబే. 2020 మార్చి 2న తెలంగాణలో తొలి కోవిడ్ కేసు బయటపడిన నాటికి ఆ వైరస్ పిల్లలను ఏం చేస్తుందో, పిల్లల నుంచి ఇంకెంతమందికి పాకుతుందో రూఢిగా చెప్పగలవారు లేరు. కాబట్టి ఆ నెల మధ్యలో బడులు మూయడాన్ని నేను తప్పుపట్టను. నా బాధంతా ఆ తరువాత జరిగిన దాని గురించే. నగరంలో మెట్రో రైలు 2020 సెప్టెంబర్ 7న మళ్లీ నడవసాగింది. అదే నెలలో బార్లకు అనుమతి ఇచ్చారు. డిసెంబర్ 1న జీహెచ్‌ఎంసీ ఎన్నికలు జరిగాయి. 2021 ఫిబ్రవరిలో ముందు తొమ్మిదో తరగతి, ఆపైవారిని, నెలాఖరులో ఆరు నుంచి ఎనిమిది తరగతుల వారిని రానిచ్చి, మార్చి 24 నుంచి మళ్లీ అన్నీ మూశారు. ఒకటి నుంచి ఐదు వరకు చదివే పిల్లలు మాత్రం 2021 సెప్టెంబర్ 1 దాకా, అంటే దాదాపు ఏడాదిన్నర పాటు, బడి గడప తొక్కనేలేదు. జబ్బు వల్ల అందరికన్నా తక్కువ ప్రమాదం, చదువు ఆగితే అందరికన్నా ఎక్కువ నష్టం ఉన్న వయసువారిని మనం వరుసలో అందరికన్నా వెనక నిలబెట్టాం.

తొమ్మిదో తరగతి అమ్మాయికి పాఠం పోతే, కష్టపడైనా పుస్తకం ముందేసుకొని కొంత తనంతట తాను నేర్చుకోగలదు. రెండో తరగతి పిల్లవాడికి ఆ వీలు లేదు, ఎందుకంటే వాడు అప్పుడప్పుడే చదవడం నేర్చుకుంటున్నాడు. పైగా దూరదర్శన్ యాదగిరి, టీశాట్ టీవీ చానళ్లలో 2020 సెప్టెంబర్ నుంచి ప్రసారమైన పాఠాలు మూడో తరగతి నుంచే మొదలయ్యాయి గనుక, మీ బాబుకు ఆ ఆసరా కూడా దక్కలేదు. బడులు తెరిచిన కొత్తలో దగ్గుతో వచ్చిన ఒక మూడో తరగతి పిల్లవాడి చేత మా గోడమీది పోస్టరు చదివించాను. ‘చేతులు’ అని చక్కగా చదివాడు. ‘శుభ్రంగా’ దగ్గర ‘శు’ అని ఆగిపోయి, ‘ఒత్తులు మాకు చెప్పలేదు సార్’ అన్నాడు. అది వాడి తప్పు కాదు. అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం 2021 జనవరిలో అయిదు రాష్ట్రాల పిల్లలను పరీక్షిస్తే, అంతకుముందు ఏడాది వచ్చిన భాషా సామర్థ్యాలలో కనీసం ఒకటి 92 శాతం మంది పోగొట్టుకున్నట్టు తేలింది. దేశంలోని గ్రామీణ ప్రాంతాలలో రెండో తరగతి వాచకం చదవగల మూడో తరగతి పిల్లలు 2018లో 27 శాతం ఉంటే, పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వే 2022లో జరిగేసరికి 20.5 శాతానికి పడిపోయారు.

2022 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కల పునాది వేసే తొలిమెట్టు కార్యక్రమం మొదలుపెట్టింది. అప్పటికి మీ బాబు నాలుగో తరగతి. పోయిన పునాది పూర్తిగా తిరిగి రాలేదని మీ ఉత్తరాన్ని బట్టి తెలుస్తోంది. ముందు ఒకసారి కంటి పరీక్ష చేయించండి, తడబాటుకు చూపు కారణమైన పిల్లలూ ఉంటారు. తరువాత రోజూ ఒక పావుగంట, తన తరగతి పుస్తకం కాకుండా మూడో తరగతి వాచకం గట్టిగా చదివించండి, అక్క పక్కన కూర్చుంటే మరీ మంచిది. చిన్న తరగతి పుస్తకం ఇచ్చారని చిన్నబుచ్చుకుంటే, అక్కకు కథ చదివి వినిపించే పని అప్పజెప్పినట్టు చెప్పండి. చదువులో వెనకబడ్డాడని నలుగురిలో మాత్రం అనకండి.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని, మధుమేహం ఉంది. రెండో వేవ్‌లో నా తోటి ఉపాధ్యాయులు ఇద్దరు మరణించారు. బతికుంటే బలుసాకు తినవచ్చునంటారు. పిల్లల ద్వారా జబ్బు ఇళ్లలోని ముసలివాళ్లకు పాకుతుందని తెలిసీ బడులు తెరిచి ఉంచాలనడం న్యాయమా?
— నల్లకుంట నుంచి ఒక పాఠకుడు

జవాబు: మాస్టారూ, మీ తోటివారి మరణానికి నా సానుభూతి. కోరంటి దవాఖానా (ఫీవర్ ఆసుపత్రి) ఉన్న పేటలో నివసించే మీకు అంటువ్యాధి అంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు. ప్రాణమే ముందన్న మీ మాటతో నాకు పేచీ లేదు. ఏ జబ్బులో ఎవరి ప్రాణానికి ఎంత ప్రమాదమో చూసి నిర్ణయించాలన్నదే నా వాదన.

ఇన్‌ఫ్లుయెంజా బడిపిల్లల మధ్య చురుగ్గా పాకుతుంది, అందువల్ల దానికి బడుల మూత కొంత అడ్డుకట్ట వేస్తుంది. 1918లో అమెరికాలోని చాలా నగరాలు ఆ పనే చేశాయి. అప్పుడు కూడా న్యూయార్క్, చికాగో, న్యూహేవెన్ బడులు తెరిచే ఉంచాయి. ఇరుకు ఇళ్లలో కన్నా, రోజూ వైద్యులూ నర్సులూ పరీక్షించే బడిలోనే పిల్లలు క్షేమంగా ఉంటారని న్యూయార్క్ ఆరోగ్యాధికారి కోప్‌లాండ్ వాదించాడు. ఇక పోలియో పిల్లలనే కాటేసే జబ్బు కాబట్టి, 1937లో చికాగోలో దానికి భయపడి బడులు తెరవడం వాయిదా వేయడంలో అర్థముంది. కోవిడ్ తీరు దీనికి తలకిందులు. వయసు పెరిగేకొద్దీ ప్రమాదం పెరిగింది, పిల్లలలో అతి తక్కువగా ఉంది. స్వీడన్‌లో 2020 వసంతంలో పదహారేళ్ల లోపు వారి బడులు తెరిచే ఉంచారు. మార్చి నుంచి జూన్ వరకు, ఏడాది నుంచి పదహారేళ్ల మధ్య వయసున్న సుమారు 19.5 లక్షల మందిలో కోవిడ్‌తో ఐసీయూలో చేరినవారు 15 మంది, మరణాలు లేవు. పొరుగున ఉన్న ఫిన్లాండ్ అదే కాలంలో బడులు మూసింది. రెండు దేశాల ఆరోగ్య సంస్థలూ కలిసి పోల్చి చూస్తే పిల్లలలో కేసుల విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

మీ ఆందోళనలో నిజమున్న చోటు మరొకటి ఉంది, దానిని దాటవేయడం నాకు ఇష్టం లేదు. అదే స్వీడన్‌లో, తెరిచి ఉన్న బడులలో పాఠాలు చెప్పిన ఉపాధ్యాయులకు, ఇంటినుంచి పాఠాలు చెప్పిన పై తరగతుల ఉపాధ్యాయులతో పోలిస్తే ఇన్‌ఫెక్షన్ దాదాపు రెట్టింపుగా సోకింది. తల్లిదండ్రులకు పెరిగిన ముప్పు స్వల్పమే. అంటే బడి తెరిస్తే భారం పడేది ప్రధానంగా ఉపాధ్యాయుల మీద. మన దేశంలో 2021 జనవరి 16న టీకాలు మొదలైనప్పుడు వైద్య సిబ్బంది, పోలీసులు, పారిశుద్ధ్య కార్మికులు తొలి వరుసలో ఉన్నారు, ఉపాధ్యాయులు లేరు. ఉండి ఉండవలసింది. వయసు మళ్లినవారిని, మధుమేహం ఉన్నవారిని తరగతి గదికి పంపకుండా వేరే పని ఇవ్వడం, ఉపాధ్యాయులకు ముందుగా టీకాలు వేయడం, తాతా నానమ్మలున్న ఇళ్ల పిల్లలను హాజరు కోసం బలవంతపెట్టకపోవడం, ఇవన్నీ చేస్తూనే బడి తెరవవచ్చు. మన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సైతం 2021 జూన్, జులైలలో జరిపిన సర్వేలో ఆరేళ్లు పైబడిన పిల్లలలో సగానికి మించి అప్పటికే యాంటీబాడీలు, అంటే వైరస్ సోకిపోయిన ఆనవాళ్లు, ఉన్నట్టు గుర్తించి, ముందు ప్రాథమిక పాఠశాలలు తెరవవచ్చని సూచించింది. అంటే బడుల మూతతో పిల్లలు వైరస్‌ను తప్పించుకోలేదు, ఇరుకు ఇళ్లలోనూ బస్తీలలోనూ అది వారిని చేరుకుంది.

మూయక తప్పని సందర్భమూ ఉంటుంది. 2023 సెప్టెంబర్‌లో కేరళలోని కోళికోడ్‌లో నిఫా వైరస్ కనిపించినప్పుడు ఆ జిల్లాలో విద్యాసంస్థలను కొన్ని రోజులు మూసి, వ్యాప్తి అదుపులోకి రాగానే తెరిచారు. అది ప్రాణాంతకమైన జబ్బు, చర్య మాత్రం ఒక ప్రాంతానికీ కొద్ది రోజులకూ పరిమితమైంది. ఒకే ఉత్తర్వుతో రాష్ట్రమంతా, అన్ని తరగతులూ, ‘తదుపరి ఆదేశాల వరకు’ మూయడం నేను వ్యతిరేకించేది.

ప్రశ్న: ఆన్‌లైన్ పాఠాలు ఇప్పుడు బాగా మెరుగుపడ్డాయి కదా, ఇకపై బడి మూసినా నష్టమేమిటి?
— ఒక ఇంజనీరు, కొండాపూర్

జవాబు: మీ ఇంట్లో ప్రతి బిడ్డకూ ఒక గది, ఒక ల్యాప్‌టాప్ ఉండవచ్చు. 2021 ఆగస్టులో ఆర్థికవేత్త జ్యాఁ ద్రేజ్ తదితరులు పదిహేను రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలలోని పేద కుటుంబాలలో సర్వే చేస్తే, గ్రామీణ పిల్లలలో క్రమం తప్పకుండా ఆన్‌లైన్‌లో చదువుతున్నవారు 8 శాతం, అసలు చదవనివారు 37 శాతం అని తేలింది. పైగా ప్రభుత్వ బడి అంటే పాఠం ఒక్కటే కాదు. మధ్యాహ్నం అన్నం, గుడ్డు, ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మాత్ర, ఆడపిల్లకు పెళ్లి తలపెడితే ఆరా తీసే టీచరు, అన్నీ అక్కడే ఉంటాయి. బడి మూస్తే భోజనం ఎలాగని సుప్రీంకోర్టు 2020 మార్చి 18నే తనంతట తానుగా రాష్ట్రాలను అడిగింది. ఆన్‌లైన్ పాఠం అన్నం పెట్టలేదు.

ప్రశ్న: కరోనా కాలంలో మా బడి యాజమాన్యం నెలల తరబడి జీతం ఇవ్వలేదు. నేను బట్టల దుకాణంలో పనిచేశాను. మళ్లీ మూస్తే మా గతి ఏమిటి?
— ప్రైవేటు బడి ఉపాధ్యాయురాలు, మల్కాజ్‌గిరి

జవాబు: అమ్మా, బడుల మూసివేత గురించిన చర్చలలో మీ మాట వినిపించకపోవడం అన్యాయం. 2020 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఫీజులు పెంచవద్దని, ట్యూషన్ ఫీజు మాత్రమే నెలనెలా తీసుకోవాలని జీవో 46 ఇచ్చింది. ఉపాధి పోయిన తల్లిదండ్రులకు అది అవసరమే. కానీ చిన్న బడులలో ఆ ఫీజు కూడా రాక, ఆ లోటు నేరుగా మీ జీతాలపై పడింది. ప్రైవేటు ఉపాధ్యాయులకు నెలకు రూ. 2,000, 25 కిలోల బియ్యం సాయం అందడం మొదలైనది 2021 ఏప్రిల్‌లో, అంటే మూత మొదలైన ఏడాది తరువాత. మూసివేత ఉత్తర్వులోనే జీతభద్రత కూడా ఉండాలని నా అభిప్రాయం. దానికయ్యే ఖర్చు ఎంతో ముందే లెక్కవేయవలసి వస్తే, ‘తదుపరి ఆదేశాల వరకు’ అన్న మాట రాయడానికి ఏ ప్రభుత్వమైనా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తుంది.

ప్రశ్న: మాది మూడంతస్తుల భవనంలో నడిచే చిన్న బడి. మళ్లీ అటువంటి పరిస్థితి వస్తే తెరిచి ఉంచడానికి ఇప్పటి నుంచే ఏం చేసుకోవాలి?
— ఒక కరస్పాండెంట్, టోలీచౌకి

జవాబు: బల్లలకు రసాయనాలు కొట్టడం మీద డబ్బు పెట్టకండి, కోవిడ్ ప్రధానంగా గాలి ద్వారా పాకింది. గదిలో గాలి మారుతోందో లేదో తెలుసుకోవడానికి కార్బన్ డయాక్సైడ్ కొలిచే చిన్న మీటరు ఒకటి కొనండి. బయటి గాలిలో అది సుమారు 420 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 420 భాగాలు) ఉంటుంది. పిల్లలు నిండుగా కూర్చున్న గదిలో 1000 దాటితే, ఒకరు వదిలిన గాలినే మరొకరు పీలుస్తున్నారని అర్థం. ఏ గదిలో ఎక్కువగా ఉందో రాసుకొని, ఆ గదిలో పిల్లల సంఖ్య తగ్గించండి, లేదా ఎదురెదురు కిటికీలు తెరిచి ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టండి. ప్రార్థన, భోజనం మేడమీదికి మార్చవచ్చు, పిట్టగోడ ఎత్తు చాలినంత ఉంటేనే. సగం మంది ఒకరోజు, సగం మంది మరునాడు వచ్చే టైంటేబుల్ ఒకటి ఇప్పుడే రాసి పెట్టుకోండి. అందులో ఒకటి, రెండు తరగతులకు మాత్రం రోజూ బడి ఉండేలా చూడండి. జ్వరం ఉన్న పిల్లవాడిని ఇంటికి పంపితే హాజరు శాతం తగ్గుతుందన్న భయం తల్లిదండ్రులకు లేకుండా చేయండి. అటెండెన్స్ బహుమతులు ఇచ్చే అలవాటు ఉంటే మానేయండి. ఏసీ కోసం కిటికీలకు అద్దాలు బిగించిన గదులు మీ భవనంలో ఉంటే, జూన్‌లో బడి తెరిచేలోగా ఆ అద్దాలు తీయించి తెరుచుకునే రెక్కలు పెట్టించండి. మిగతా పనులు ఆ తరువాత ఒక్కొక్కటిగా చేసుకోవచ్చు.