చిన్నాకు, రబీ జొన్న వేసే ముందు

చిన్నా,

ఈ రబీకి మన నల్లరేగడిలో శనగ బదులు జొన్న వేస్తున్నావనీ, వేళ్లతో జత కట్టి బతికే వ్యామ్ శిలీంధ్రం, జింకు కలిపిన కంపోస్టు వాడతావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎన్ని క్వింటాళ్లు వస్తాయని కాక, గింజలో ఎంత బలం ఉంటుందని అడిగావట. ఆ మాటకు నాకెంత గర్వంగా ఉందో! అంతే టెన్షన్‌గానూ ఉంది, అందుకే ఈ ఉత్తరం.

దుక్కి, పదును, మొవ్వు ఈగ రాకుండా ఆలస్యం చేయకుండా విత్తడం, ఇవన్నీ నీకు తెలిసినవే. విత్తనం పర్భణీ శక్తి దొరికితే చూడు. ఇనుము, జింకు ఎక్కువుండేలా ఇక్రిశాట్ పరిశోధన సంస్థ వాళ్లు తయారుచేసిన రకం అది, 2018లో విడుదలైంది.

నా భయమంతా డీఏపీ బస్తా గురించే, భాస్వరం దండిగా ఉండే ఎరువు కదా అది. మీ మామయ్య ఒక ఏడు వ్యామ్ తెచ్చి సాలులో విత్తనం కింద చక్కగా పడేలా వేశారు. ఆ తర్వాత చేను ఎదగకపోతే ఊళ్లో ఏమంటారోనని ఎప్పటిలాగే డీఏపీ కూడా దంచారు. విత్తనానికి కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశకం ఎలాగూ పట్టించారు. చేను పచ్చగానే ఉంది కానీ పక్క చేనుకూ మనదానికీ తేడా లేదు. "ఈ పొడి అంతా మోసం" అని తేల్చేశారు. నేనెంత చెప్పినా వినలేదు. మళ్లీ ఆ మాట ఎత్తనివ్వలేదు కూడా. ఆయన కష్టం తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

అసలు జరిగేది ఏమిటంటే, ఆ శిలీంధ్రం దారాలు వేరు చేరలేని చోటికి పోయి భాస్వరం, జింకు తెచ్చిస్తాయి. బదులుగా మొక్క తను చేసుకున్న చక్కెర ఇస్తుంది. వేరు పక్కనే భాస్వరం పుష్కలంగా దొరికితే మొక్కకు ఈ బేరంతో పని లేదు, శిలీంధ్రాన్ని లోపలికి రానివ్వడం తగ్గించేస్తుంది. దాంతో జింకు దారీ మూసుకుపోతుంది. పైగా గింజలో చేరే భాస్వరంలో ఎక్కువ భాగం ఫైటేట్ అనే పదార్థంగా మారుతుంది, అది తిన్నవాళ్ల పేగులో జింకును, ఇనుమును పట్టేసుకుంటుంది. నువ్వు బలమైన గింజ కోరుకుని డీఏపీ గుప్పిస్తే రెండు వైపులా నష్టమే. శిలీంధ్రనాశకం పట్టించిన విత్తనం పక్కన శిలీంధ్రం వేయడం మరీ అన్యాయం రా.

ఇంకొకటి, వ్యామ్‌ను కంపోస్టు గుంతలో కలపకు. అది బతికున్న వేరు మీదే పెరుగుతుంది. మాగే కుప్ప 60 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, అందులో ఏం మిగులుతుంది? గుంతలో రాక్ ఫాస్ఫేట్, అంటే భాస్వరం ఉండే రాతి పొడి, కలుపు. మన క్షార నేలలో నేరుగా వేస్తే అది కరగదు, కుప్పలో పుట్టే ఆమ్లాలు కొంత కరిగిస్తాయి. అదీ మితంగానే. వేడి తగ్గాక ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రం చల్లు. భూసార పరీక్షలో జింకు 0.6 పీపీఎం కన్నా తక్కువ వస్తే జింకు సల్ఫేట్ కూడా ఆ ఎరువులోనే కలుపు. పూర్తిగా మాగి, మట్టి వాసన వచ్చేదాకా చేనుకు తోలకు. పచ్చి పెంట వేస్తే చెదలు పడతాయి, నత్రజని మొక్కకు అందకుండా పోతుంది. తొందరపడే గుణం నీకు మీ నాన్న నుంచే వచ్చింది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. కోపం కాదు, నాన్నా.

చేలో ఒక పట్టె ఏమీ కలపకుండా వదిలేయి. రెండిటి గింజలూ విడివిడిగా ల్యాబ్‌కు పంపు. జింకు ఎంతుందో కంటికి కనపడదు, గింజ తెల్లగా మెరిసిందని మురిసిపోకు.

భూసార పరీక్ష కాగితం చేతికి రాగానే ఫోటో తీసి పంపు. అందాకా ఏ బస్తా కొనకు.

మీ అత్తయ్య